డివైస్ మేనేజర్ గారికి ఒక డిస్పాచ్ గుమాస్తా బహిరంగ లేఖ

పాశమైలారం పారిశ్రామికవాడ,
సంగారెడ్డి జిల్లా.

శ్రీయుత డివైస్ మేనేజర్ గారికి,
కంట్రోల్ ప్యానెల్ వెనక గది,
విండోస్.

విషయం: నిద్ర లేచిన ల్యాప్‌టాప్‌కు వైఫై అందకపోవడం, తత్ఫలితంగా లోడు లారీ గేటు దగ్గర నిలిచిపోవడం – గురించి.

సూచిక: తెర కింది మూలన తమరు అంటించిన నోటీసు – ‘ఇంటర్నెట్ లేదు’.

అయ్యా,

పై విషయమై తమరికి మనవి చేసుకునేది ఏమనగా – మా వాడలో మేనేజర్లకు కొదవ లేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతున్న పదిమందిని పలకరిస్తే ముగ్గురు మేనేజర్లే తేలతారు. ప్లాంట్ మేనేజర్, షిఫ్ట్ మేనేజర్, క్వాలిటీ మేనేజర్, స్టోర్స్ మేనేజర్. వీళ్లందరి చేతా ఏదో ఒకనాడు మాటలు పడ్డవాణ్నే. నా బల్ల మీదే, నా ల్యాప్‌టాప్ లోపలే ఇంకో మేనేజర్ కూర్చుని ఏది మేలుకోవాలో ఏది పడుకోవాలో నిర్ణయిస్తున్నాడని మాత్రం ఈ మధ్యే తెలిసింది. ఇన్నాళ్లూ నమస్కారం పెట్టనందుకు ముందుగా క్షమించండి. పెట్టాల్సిన అర్జీ మాత్రం పెడుతున్నాను.

ఆ రాత్రి సంగతి చెబుతాను. టైము పదీ ఇరవై. బి షిఫ్టు దిగింది, సి షిఫ్టు ఎక్కింది. గేటు దగ్గర పుణె లోడు సిద్ధంగా ఉంది. టార్పాలిన్ కట్టారు, తాళ్లు బిగించారు, వేబ్రిడ్జి చీటీ వచ్చింది. మిగిలింది ఈ-వే బిల్లు ఒక్కటే. 2018 ఏప్రిల్ 1 నుంచి 50 వేల రూపాయల పైబడిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఆ కాగితం ఉండి తీరాలి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువిస్తారు. పుణెకు మూడు రోజులు వస్తుంది. లారీ నంబరు కొట్టి బటన్ నొక్కితే రెండు నిమిషాల పని.

క్యాంటీన్లో నాలుగు ముద్దలు తినొద్దామని అంతకుముందే ల్యాప్‌టాప్ మూత వేసి వెళ్లాను. వచ్చి తెరిచాను. తెర వెలిగింది. పాస్‌వర్డ్ తీసుకుంది. గడియారం సరిగ్గానే ఉంది. సగం నింపిన ఫారం ఎక్కడ వదిలానో అక్కడే ఉంది. వైఫై మాత్రం లేదు. ఆరడుగుల దూరంలో గోడకున్న రూటర్ పచ్చలైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి. నా జేబులోని ఫోను దాన్ని చక్కగా పట్టుకుంది. నా ల్యాప్‌టాప్ మాత్రం దాన్ని జన్మలో చూడనట్టే కూర్చుంది.

సెక్యూరిటీ గార్డు కిటికీ దగ్గరకొచ్చాడు. “సార్, బండి గేటుకు అడ్డం ఉన్నది. ఎన్క యాసిడ్ ట్యాంకర్ ఆగింది. బిల్లు అయిందా?”

“అయితుంది.”

“ఎప్పుడైతది సార్? డ్రైవరు ఇంజన్ బంద్ చేయమంటే చేస్తలేడు.”

చివరికి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి బిల్లు తీశాను. ఇరవై అయిదు నిమిషాలు పోయాయి. ఒకటి రెండు వాట్లకు మించని వైర్‌లెస్ కార్డు కరెంటు మీరు ఆదా చేశారు. దాని కోసం లారీ అంతసేపూ డీజిల్ తాగింది. ఆ ఆదా మీ లెక్కలో జమ అయింది. ఖర్చు మా లెక్కలో పడింది.

అయ్యా, అది మొదటిసారి కాదు. అంతకుముందు రెండు వారాలుగా ఇదే తంతు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మేమంతా కలిసి రూటర్ మీద పడ్డాం. మా ఎలక్ట్రీషియన్‌కు తెలిసిన వైద్యం ఒక్కటే: “ఆఫ్ చేసి ఆన్ కొట్టు.” కొట్టేవాళ్లం. దాంతో సీసీ కెమెరాల రికార్డరూ, గేటు దగ్గర వేలిముద్రల మిషనూ కూడా లైను తెగి నిలబడేవి. షిఫ్టు మారే వేళ వరస కట్టిన కాంట్రాక్టు లేబర్ “మా హాజరు పడుతదా, పడదా” అని నా కిటికీ వైపే చూసేవారు. ఒక ల్యాప్‌టాప్ నిద్రమత్తుకు మొత్తం గేటుకు శిక్ష.

ఫోను పట్టుకుంటున్న రూటర్‌ను ల్యాప్‌టాప్ పట్టుకోలేకపోతే తప్పు రూటర్‌ది కాదన్న ఇంగితం నాకు పదిహేనో రోజున తట్టింది. అప్పటి నుంచి విచారణ మీ ఆఫీసు వైపు మళ్లింది.

మీకీ అధికారం ఎక్కడిదో కూడా వెతికాను. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే నిబంధనావళి రాశాయి. అంతకుముందు ఏ పరికరాన్ని పడుకోబెట్టాలో మదర్‌బోర్డులోని బయోస్ ఎక్కువగా చూసుకునేది. ఆ పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది. బ్యాటరీ మీద బతికే యంత్రానికి అది మంచి పనే. అయితే వైఫైకి మూలమైన 802.11 ప్రమాణం వచ్చింది 1997లో. అంటే నిద్ర చట్టం రాసేనాటికి వైఫై ఇంకా భూమ్మీద పడలేదు. ఆ ఇద్దరికీ తర్వాత ముడి పెట్టారు. ఆ కాపురంలో గొడవలు ఇప్పటికీ తెగలేదు.

మూత వేసినప్పుడు జరిగేది ఇదీ అని నాకు అర్థమైంది. పాతకాలపు నిద్రలో జ్ఞాపకాన్ని నిలబెట్టే మెమరీకి మాత్రం కరెంటు ఉంచి, దాదాపు మిగతా అందరినీ ఇంటికి పంపుతారు. మూత తెరిచాక వైర్‌లెస్ కార్డు మళ్లీ డ్యూటీకి రావాలంటే గేటు మీద గేటు దాటాలి. ముందు కార్డుకు కరెంటు అందాలి. తర్వాత డ్రైవర్ దాన్ని లేపి ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. ఆ పైన చుట్టుపక్కల ఏ రూటర్లున్నాయో వెతకాలి. మన రూటర్ దొరికాక రహస్య తాళం సరిచూసుకోవడానికి ఇద్దరి మధ్య నాలుగు ఉత్తరాలు నడవాలి. ఆఖరున రూటర్ ఒక ఐపీ అడ్రస్ ఇవ్వాలి. ఇందులో ఎక్కడ ఆగినా మీరు అంటించే నోటీసు మాత్రం ఒక్కటే. బాయిలర్ ఆగినా, బోరు ఎండినా, బస్సు రాకపోయినా ‘ప్రొడక్షన్ లేదు’ అని ఒకే బోర్డు పెట్టే షిఫ్ట్ ఇన్‌చార్జిని మా వాడలో వారం రోజులు కూడా ఉంచరు.

ఆ ఐపీ అడ్రస్ ముచ్చట కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్’ అని కొడితే ఓ రోజు నా ల్యాప్‌టాప్ తన నంబరు 169.254తో మొదలవుతుందని చెప్పింది. మా రూటర్ ఇచ్చే నంబర్లన్నీ 192.168తో మొదలవుతాయి. మరి ఇదెక్కడిది? రూటర్‌ను నంబరు అడిగి, జవాబు రాకపోయేసరికి తనకు తానే ఇచ్చుకున్నదట! సెలవు మీద ఊరెళ్లొచ్చిన మనిషి, టైమాఫీసులో ఎవరూ పలకలేదని తన ఐడీ కార్డు తనే రాసుకుని మెళ్లో వేసుకున్నట్టు. ఆ కార్డుతో లోపల తిరగొచ్చేమో గానీ గేటు దాటి బయటికి పోలేడు. ‘ఐపీకాన్ఫిగ్ /రిలీజ్’, ఆ తర్వాత ‘ఐపీకాన్ఫిగ్ /రెన్యూ’ కొడితే దొంగ కార్డు పారేసి అసలు కార్డు తెచ్చుకున్నాడు. ఇది తెలియక అంతకుముందు పదిసార్లు మొత్తం యంత్రాన్నే రీస్టార్ట్ చేశాను. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాను.

గొడ్డలి అంటే గుర్తొచ్చింది. మా వాడలో ‘షట్‌డౌన్’ అనే మాటకు విలువుంది. షట్‌డౌన్ అంటే రియాక్టర్లు ఖాళీ చేసి, వాల్వులు విప్పి, కడిగి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం. మీ దగ్గర మాత్రం షట్‌డౌన్ అంటే షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ అనేది ఆన్‌లో ఉంటే, డ్రైవర్ల స్థితితో సహా లోపలి సరంజామా అంతా డిస్కులో దాచి, పొద్దున అదే పైకి తీస్తారు. రాత్రి చిక్కుపడ్డ డ్రైవర్ పొద్దునా చిక్కుపడే లేస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం నిజంగా కడిగి ఎక్కిస్తారు. “షట్‌డౌన్ చేసి పోయిన సార్, అయినా వస్తలేదు” అని వాపోయే మా స్టోర్స్ కుర్రాడు అబద్ధం ఆడలేదు. అబద్ధం ఆడింది మీ బటన్.

ఇక మా గార్డు దగ్గర లాగ్‌బుక్ ఉన్నట్టే మీ దగ్గరా ఒకటుంది. ‘నెట్‌ష్ వ్లాన్ షో వ్లాన్‌రిపోర్ట్’ అని అడ్మిన్ హోదాలో అడిగితే గడిచిన మూడు రోజుల వైఫై చరిత్ర పేజీగా తీసి చూపిస్తారు. ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది. నా యంత్రం నిద్రకు పోయిన ప్రతిసారీ తెగినట్టూ, లేచిన కొన్నిసార్లు కార్డు అసలు పలకనట్టూ అందులో ఉంది. అన్నీ తెలిసి రాసుకుని, అడిగేదాకా పెదవి విప్పని ఉద్యోగులను మేమూ చూశాం. వాళ్లలో మీరు చాలా సీనియర్.

ఆ లాగ్‌బుక్ పట్టుకునే మీ గది తలుపు తట్టాను. నెట్‌వర్క్ అడాప్టర్లు, అందులో వైర్‌లెస్ కార్డు పేరు, దాని ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్. అక్కడ ఒక చిన్న గడి, అందులో ఒక టిక్కు. కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇస్తున్నాను అని దాని సారాంశం. అయ్యా, ఆ అనుమతి నేను ఎన్నడూ ఇవ్వలేదు. నా పేరు మీద మీరే సంతకం పెట్టుకున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, రూటర్ వరమిస్తూనే ఉంది, పూజారి ఆ గడిలో ఉన్నాడు. టిక్కు తీశాను. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటు నుంచే కొత్త డ్రైవర్ తెచ్చి ఎక్కించాను.

మా క్వాలిటీ మేడం ల్యాప్‌టాప్ కొత్తది. దాంట్లో ఆ ట్యాబే లేదు! ‘పవర్‌సీఎఫ్‌జీ /ఏ’ అని అడిగితే, అది నిద్రపోయే రకం కాదని తేలింది. మోడర్న్ స్టాండ్‌బై అట. తెర ఆర్పేసి, లోపల అరకన్ను తెరిచి ఉంటుంది. నిద్రపోయేవాణ్ని లేపొచ్చు గానీ నిద్ర నటించేవాణ్ని లేపలేం అన్న పెద్దల మాట ఈ యంత్రం కోసమే పుట్టినట్టుంది. ఆమెకు డ్రైవర్ మార్చి, మూత వేస్తే హైబర్నేట్ అయ్యేలా పెట్టాం. లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ తీసుకుంటుంది. లేస్తే మాత్రం పూర్తిగా లేస్తుంది. ఎప్పుడైనా మొండికేస్తే ఆమె అడాప్టర్ ఒక్కదాన్నే డిజేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేస్తుంది. రూటర్ జోలికి ఎవరూ పోవడం లేదు.

మా వాడ దగ్గరి హైవే మీద సంగారెడ్డి వైపు ఇంకొంచెం వెళ్తే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. 2022లో ప్రారంభమైన దేశీయ 5జీ టెస్ట్‌బెడ్‌ను కట్టిన సంస్థల్లో అదొకటి. ఆ పక్క తరంగాల మీద అంత పెద్ద పని జరుగుతుంటే, ఈ పక్క ఆరడుగుల దూరం దాటలేక నా లారీ ఆగడం మన జిల్లాకు అవమానం కాదా అని అడగను. తరంగాలకు రోగమేమీ లేదు. రోగమంతా చార్జి అప్పగించడంలో ఉంది.

అదే అసలు మాట. మా వాడ నిద్రపోదు. మనుషులు మాత్రం నిద్రపోతారు, నిద్రపోవాలి. ఏ, బి, సి అని మూడు షిఫ్టులు పెట్టుకున్నది అందుకే. రిలీవర్ రాకుండా బాయిలర్ దగ్గర నుంచి ఎవరూ కదలరు. వచ్చినవాడికి ప్రెషర్ ఎంతుంది, ఏ పంపు మొండికేస్తోంది, ఏ వాల్వు సగం తెరిచి ఉంది అని చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టాకే క్యాంటీన్ దారి పడతారు. పడుకున్నందుకు మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టడం లేదు. లేచినప్పుడు ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో చెప్పకపోవడం తప్పు.

కావున మా డిమాండ్లు:

1. ఆ టిక్కు పెట్టే ముందు మమ్మల్ని ఒక్క మాట అడగాలి.

2. నిద్ర లేచాక వైఫై రాకపోతే ఎక్కడ ఆగిందో విడమరిచి చెప్పాలి. కార్డు లేవలేదా, రూటర్ కనబడలేదా, తాళం కలవలేదా, నంబరు దొరకలేదా. అదీ తెలుగులో చెప్పాలి.

3. షట్‌డౌన్ అని రాసిన బటన్ షట్‌డౌనే చేయాలి. చేయనప్పుడు దాని పేరు మార్చాలి.

4. లాగ్‌బుక్‌ను కమాండ్ ప్రాంప్ట్ నల్లతెర వెనక దాచకుండా గేటు దగ్గర పెట్టాలి.

ఈ అర్జీకి జవాబు వస్తుందన్న ఆశ లేదు. రాకపోయినా ఈ లేఖ చదివిన తోటి గుమాస్తాలకు ఒక మాట: రూటర్‌ను ఆపే ముందు ఫోను తీసి చూడండి. ఫోనుకు వైఫై వస్తుంటే లేచి గోడ దగ్గరకు వెళ్లకండి. కూర్చున్న చోటే మేనేజర్ గారి తలుపు తట్టండి.

ఇట్లు,
తమ విధేయుడు,
డిస్పాచ్ సెక్షన్, సి షిఫ్టు.

ప్రతులు:
1. సెక్యూరిటీ గేటుకు – నోటీసు బోర్డులో అంటించగలరు.
2. మా ఎలక్ట్రీషియన్‌కు – తగు సమాచారం నిమిత్తం.
3. గోడ మీది రూటర్ గారికి – రెండు వారాలు చేయని తప్పుకు పీక నొక్కినందుకు క్షమాపణలతో.