చవితి చంద్రుడూ, మా డాబా మీది మాస్టారూ

డాబా మీదికి ఒడియాలు ఎత్తడానికి వెళ్లేవాళ్లకి ఆయన బాగా తెలుసు. బెజవాడలో మా అపార్ట్‌మెంట్‌కి ఒకాయన ఉన్నట్టే మీ అపార్ట్‌మెంట్‌కీ ఒకాయన ఉండే ఉంటారు. మెళ్లో కెమెరా, చంకలో మూడుకాళ్ల స్టాండు, ఒంటినిండా దోమల క్రీము.

మొదట అందరిలాగే సెల్‌ఫోనుతో తీశారు. పున్నమి చంద్రుడు జ్వరం బిళ్లలా పడ్డాడు. కెమెరా కొని ఆటోలో పెట్టి తీస్తే అదే బిళ్ల, కాస్త పెద్దది. "దాని తప్పు లేదోయ్. చుట్టూ చీకటి చూసి బెంబేలెత్తి, వెలుగు కోసం కిటికీలన్నీ బార్లా తీసేస్తుంది. చంద్రుడి మీద ఇప్పుడు పట్టపగలు! ఎండలో ఉన్నవాణ్ణి ఎండలో తీసినట్టే తియ్యాలి" అని లిఫ్టులో నాకు పాఠం చెప్పారు. ఎఫ్ 11, ఐఎస్ఓ 100, సెకనులో నూరో వంతు. నా అంతస్తు వచ్చింది, వెళ్లింది కూడా.

200 మిల్లీమీటర్ల లెన్సుకి చంద్రుడు సెన్సరు మీద ఆవగింజంత పడతాడు. అందుకని 600 కొన్నారు. "ఆవగింజని కందిగింజ చెయ్యడానికి స్కూటరు డబ్బులు పోశారు" అని పిన్నిగారు మా ఆవిడ దగ్గర వాపోయారు.

ఇంత ఖర్చు పెట్టిన మనిషి చందమామని పొగుడుతాడనుకుంటాం. లేదు. "అక్కడి నేల పాత తారురోడ్డంత నలుపు. పడ్డ వెలుగులో ఎనిమిదో వంతు వెనక్కిస్తే గొప్ప" అన్నారోసారి. అది విన్న మనవరాలు ఆ పూట అన్నం ముట్టలేదు.

పున్నమంటే మరీ చులకన. ఎండ ఎదురుగా కొట్టడంతో నీడలుండవట, గోతులు తేలవట, మొహానికి పౌడరు అద్దినట్టుంటుందట. ఆయనకి అష్టమి కావాలి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి ఒక్కో గొయ్యీ అంచుతో సహా లేచి కనపడుతుంది. అష్టమినాడు పిన్నిగారు కొత్త చీపురు కూడా వాడరు. వంటింటి క్యాలెండర్లో అష్టములన్నిటి మీదా ఆవిడ ఎర్ర ఇంటూలు, వాటి చుట్టూ ఈయన పెన్సిలు సున్నాలు.

వేలు తగిలితే కెమెరా అదురుతుందని రెండు సెకన్ల టైమరు పెడతారు. కానీ లిఫ్టు మోటారు డాబా మీదే ఉంది. ఎవరు ఇంటికొచ్చినా చంద్రుడు వణుకుతాడు. రాత్రి ఏడు దాటాక అందరూ మెట్లెక్కి రావాలని సొసైటీకి అర్జీ పెట్టుకున్నారు. చంద్రుడు రెండేసి నిమిషాలకి తన వెడల్పంత జరిగిపోతుంటాడని, ఆగడం వాడి చేతిలో లేదని అందులో రాశారు.

అసలు కథ వినాయక చవితినాటిది. పిన్నిగారు డాబా తాళంచెవి దాచేశారు. ఆయన దగ్గర ఇంకోటి ఉంది. "చంద్రుణ్ణి చూడకూడదన్నారు. నేను చూసేది తెరని" అని వాదించి పైకెళ్లారు. చవితి చంద్రుడు పడమట తొందరగా వాలిపోతాడు. వాలేచోట ఎదురు అపార్ట్‌మెంట్ ఉంది. సన్నటి వెలుగు రేక పక్కన, భూమి నుంచి పడ్డ వెలుగుతో మిగతా బింబం మసగ్గా కనపడుతుంటే మాస్టారు ఒళ్లు మరిచి, మూరెడు గొట్టాన్ని కిందికి, ఇంకా కిందికి దించారు.

అరగంటలో అటువైపు నుంచి నలుగురు మెట్లెక్కి వచ్చారు. "ఆడవాళ్లు తిరిగే బాల్కనీల మీద ఈ గొట్టమేమిటండీ?"

శమంతకమణి విషయంలో కృష్ణుడంతటివాడు కూడా ఇంత తెల్లబోయి ఉండడు. మాస్టారి గొంతు పెగల్లేదు. చివరికి, "నూట నలభై ఫొటోలు తీశాను. ఒక్కదాన్లో మీ బాల్కనీ ఉన్నా కెమెరా ఇక్కడే పగలగొట్టండి. చూడండి!" అని తెర వెలిగించి వాళ్ల ముందుకు చాపారు.

నలుగురూ ఒక్కసారిగా కళ్లు మూసుకున్నారు.

"అటు తిప్పండి సార్, అటు తిప్పండి! పొద్దున మేం అక్షింతలు వేసుకోలేదు!"