పొరుగు క్యాంపస్ పుల్లకూర

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఏడాదో రెండేళ్లో చదివి, మిగతా డిగ్రీని వేరే కాలేజీలో పూర్తిచేయడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. మామూలు కాలేజీల మధ్య ఇది రోజూ జరిగేదే. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి చోట్ల మాత్రం వేరు కథ.

అక్కడ చేరినవాళ్లు దాదాపు ఎవరూ డిగ్రీ చేతికొచ్చేదాకా కదలరు. కాబట్టి అభ్యర్థి ప్రతిభ ఎంతటిదైనా, హాస్టల్లో మంచం మిగలాలి. గదులు చాలడం లేదని 2008లో హార్వర్డ్ రెండేళ్లపాటు ఈ దారే మూసేసింది. ప్రిన్స్‌టన్ మరీ నిదానం. 1990లో వేసిన తలుపు 2018లో తీసి, వచ్చిన 1,429 మందిలో 13 మందిని రమ్మంది.

హామీ కావాలనేవారికి కాలిఫోర్నియా ఉంది. అక్కడి రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో నిర్ణీత మార్కులు తెచ్చుకుంటే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆరు క్యాంపస్‌లు సీటు ఖాయం చేస్తాయి. అందరూ ఎగబడే బర్క్‌లీ, యూసీఎల్ఏ ఆ ఆరింటిలో లేవు.

హామీ లేని పెద్ద కాలేజీల దరఖాస్తుకు ప్రాణం వ్యాసం. ఉన్న చోటు ఎందుకు వదులుతున్నారో అందులో చెప్పాలి. ఆ కాలేజీని తిడితే, రేపు మనల్నీ తిడతాడని కొత్త కాలేజీవాళ్లు అనుకుంటారు. పొగిడితే, మరి అక్కడే ఉండొచ్చుగా అంటారు. పెద్ద పేరు కోసం వస్తున్నానన్న నిజం ఎలాగూ రాయకూడదు. అందుకని అభ్యర్థి కొత్త కాలేజీ కోర్సుల జాబితా అంతా గాలించి, ఇంకెక్కడా దొరకని ఓ ప్రాచీన భాష కోర్సునూ, దాన్ని చెప్పే ప్రొఫెసర్‌నూ పట్టుకుంటాడు. అవి లేనిదే తన బతుకు ముందుకు సాగదని 600 మాటల్లో నిరూపిస్తాడు. చేరాక ఎకనామిక్స్ తీసుకుంటాడు.

సిఫార్సు లేఖలు ఇప్పటి ప్రొఫెసర్లే రాయాలి. ఈ కుర్రాడు తరగతికే వన్నె, దయచేసి తీసుకుపోండి అని వారు సంతకం పెట్టాలన్నమాట. ఇక్కడ ఇమడలేకపోతున్నానన్నవాడు ఇక్కడే అందరికంటే మంచి మార్కులు తెచ్చుకుని ఉండాలి కూడా.

సీటు వచ్చాక, పాత కోర్సులకు వచ్చిన క్రెడిట్లలో కొత్త కాలేజీ ఎన్నింటిని ఒప్పుకుంటుందన్న లెక్క మొదలవుతుంది. 2004–2009 మధ్య కాలేజీ మారినవాళ్లు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017లో అంచనా వేసింది. వాటికి కట్టిన ఫీజు మాత్రం ఎప్పుడో జమైపోయింది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న తెలుగు పిల్లలకు అదనంగా సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో రికార్డు బదిలీ, కొత్త కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం ఉంటాయి.

ఈ దారిన నడిచినవారిలో ఇద్దరు అధ్యక్షులున్నారు. ఫోర్డమ్ నుంచి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి ట్రంప్, ఆక్సిడెంటల్ నుంచి కొలంబియాకు ఒబామా. రెండు పార్టీలకూ పేచీ లేని అంశం బహుశా ఇదొక్కటే. వారెన్ బఫెట్ మాత్రం అదే పెన్సిల్వేనియాను వదిలేసి సొంత రాష్ట్రంలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి మారాడు. ఆ దిశలో రద్దీ బొత్తిగా ఉండదు.