గుయ్‌మనే గిటార్

గిటార్ వాయించడం కన్నా గిటార్ సామాను గురించి ఉపన్యాసం ఇవ్వడం నాకు బాగా వచ్చు. అందులోనూ నాయిస్ గేట్ గొప్పదా, నాయిస్ సప్రెసర్ గొప్పదా అన్న ప్రశ్న ఎవరైనా ఎత్తితే నన్ను ఆపడం కష్టం. గేట్ మోటుది, సప్రెసర్ నాజూకుది, కాబట్టి నాలాంటి సున్నిత హృదయుడికి రెండోదే తగినది. ఇదీ నా సిద్ధాంతం. ప్రాక్టీస్ రూమ్‌లో పరిచయమైన ఓ ఇంజనీరింగ్ కుర్రాడు "అవునా అన్నా" అంటూ తలూపేవాడు. తలూపే మనిషి దొరికితే సిద్ధాంతానికి తిరుగేముంది?

సిద్ధాంతం మొత్తం తప్పని కాదు. గేట్‌కు థ్రెషోల్డ్ అని ఓ హద్దు పెడతాం. శబ్దం ఆ హద్దు కిందికి దిగగానే ఠక్కున మూసేస్తుంది. దడదడలాడించి ఒక్కసారిగా ఆపే మెటల్ రిఫ్‌లకు అదే కావాలి. సప్రెసర్ పేరుతో వచ్చే పెడళ్ళు కొన్ని ఎక్స్‌పాండర్ పద్ధతిలో పనిచేస్తాయి. నోటు సన్నబడేకొద్దీ దాన్ని ఇంకాస్త తగ్గిస్తూ పోతాయి గనక సాగే నోటు తోక తెగదు. రాక్‌ట్రాన్ హష్ లాంటివి పైస్థాయి బుసను కూడా వడగడతాయి. అయితే పెట్టె మీది పేరు చూసి లోపల ఏముందో చెప్పలేం. 1987లో వచ్చిన బాస్ ఎన్‌ఎస్-2 పేరుకు సప్రెసరే గానీ, దాని నాబ్‌లు థ్రెషోల్డ్, డికే. అచ్చం గేట్ వ్యవహారమే. నేను కొన్నది దాన్నే, పేరు చూసి.

మొదట దాన్ని డిస్టార్షన్‌కు ముందు పెట్టాను. చెయ్యి తీసినప్పుడు గిటార్ గుయ్యి ఆగింది గానీ, డిస్టార్షన్ పెడల్ తన సొంత బుస తాను కొడుతూనే ఉంది. సరే అని వెనక్కి మార్చాను. డిస్టార్షన్ పని గట్టి దెబ్బకీ మెల్లని మీటుకీ తేడా చెరిపెయ్యడం. ఆ తర్వాత కూర్చున్న పెడల్‌కి ఏది నోటో ఏది చప్పుడో ఏం తెలుస్తుంది పాపం? చప్పుడు పోయేదాకా థ్రెషోల్డ్ తిప్పాను. నోట్ల చివరలూ పోయాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. ఇంతా చేస్తే ఆ పెడల్‌కు సెండ్, రిటర్న్ అని మరో రెండు జాక్‌లున్నాయి. గిటార్‌ను ముందు దీనికి కలిపి, సెండ్ నుంచి డిస్టార్షన్‌కు పంపి, మళ్ళీ రిటర్న్‌లోకి తెచ్చుకుంటే సరి. అప్పుడది శుభ్రమైన గిటార్‌ను వింటూ, డిస్టార్షన్ తర్వాతి రొదను మూస్తుంది. మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చూపించారు. మాన్యువల్ చదవడం నా స్థాయికి తగదనుకున్నాను.

అసలు తెలివితక్కువతనం ఇంకా ముందుంది. గేటైనా సప్రెసరైనా నోరు మూయించేది నేను వాయించనప్పుడే. తీగ మోగుతున్నంతసేపూ గుయ్యి కూడా నోటుతోపాటే బయటికొస్తుంది. ఆ గుయ్యి ఎక్కణ్ణించి వస్తోందని నేనెప్పుడూ ఆరా తియ్యలేదు. నాది సింగిల్ కాయిల్ గిటార్. చుట్టుపక్కల కరెంటు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చేసే 50 హెర్ట్జ్ సందడినంతా దాని పికప్ పట్టేస్తుంది. ఈ బాధకు విరుగుడుగానే గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా జతచేసి హంబకర్ తయారుచేసి, 1955లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టాడు. ఇదంతా కుర్రాడికి కథలా చెప్పాను కూడా. మా హాల్లో తూర్పుకు తిరిగి కూర్చుంటే చప్పుడు తగ్గేది. పికప్ తిరిగిన దిక్కును బట్టి అది పట్టే చప్పుడు మారుతుందని పుస్తకజ్ఞానం చెబుతూనే ఉన్నా, వాస్తు బలమనుకున్నాను.

ఒక సాయంత్రం అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆరిపోకుండా ఫ్యాన్ ఆపింది. యాంప్‌లో గరగర పోయింది.

"ఏం చేశావమ్మా?"

"దీపం పెట్టానురా. నీ గోలకి నేనేం అడ్డం రాలేదే!"

మా ఫ్యాన్ రెగ్యులేటర్ మెట్లు లేకుండా నున్నగా తిరిగే రకం. అందులోని ట్రయాక్ కరెంటును సెకనుకు 100 సార్లు తుంచి వదులుతుంది. ఆ తుంచుడే నా పికప్‌లో గరగర. మెట్లు మెట్లుగా తిరిగే కెపాసిటర్ రకానికి ఆ రోగం దాదాపు ఉండదు. ఎలక్ట్రీషియన్ వచ్చి, చాయ్ చల్లారేలోపు మార్చి వెళ్ళాడు. నా పెడల్ ధరకు అలాంటివి ఇల్లంతా బిగించినా ఇంకా డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు థ్రెషోల్డ్ కిందికే ఉంటుంది. గెయిన్ పెంచినప్పుడొచ్చే బుసకు ఆ కాస్త చాలు. మొన్న కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, హాస్టల్ రూమ్‌లో ఒకటే గరగర. గేట్ తీసుకోనా, సప్రెసరా?"

చాలాసేపు మాట్లాడాను. డికే ఎంత పెట్టాలో కూడా చెప్పాను. ఫ్యాన్ మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే, అది కనిపెట్టింది అమ్మ అని కూడా చెప్పాల్సొస్తుంది.