చీర కట్టాలంటే టికెట్టు ఉండాలి

జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్లుండే కద్మా, సోనారీల్లో వీధికొక పెద్దాయన ఉంటాడు. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి టాటా కంపెనీలో చేరాడు, తండ్రి మిల్లులో చేశాడు, తనూ మూడు షిఫ్టులూ మార్చి మార్చి చేసి రిటైరయ్యాడు. 2024 డిసెంబరులో ఈయన మనవలతో కలిసి ‘పుష్ప 2’ చూశాడు. ఒంటికి నీలం పూసుకుని, చీర కట్టి, మెడలో నిమ్మకాయల దండేసుకుని అల్లు అర్జున్ జాతరలో ఊగిపోతుంటే ఈల కూడా వేశాడు. మర్నాడు పొద్దున్నే పాలపాకెట్టుకు వెళ్తే పక్క వీధి కుర్రాడి కళ్లకు కాటుక కనిపించింది.

“ఓర్నాయనో, గుంటల్ని పాడుచేస్తన్నవి ఈ సినిమాలే!” అన్నాడు. ఈల వేసి అప్పటికి పన్నెండు గంటలు కాలేదు.

ఫిర్యాదు వచ్చింది కాబట్టి విచారణ జరపాలి. జరిపితే మొదటి ముద్దాయి దర్శకుడు సుకుమార్ కాదు, తిరుపతి గంగమ్మ తల్లి. తను శిక్షించబోయిన పాలెగాడు భయపడి దాక్కుంటే రోజుకో వేషంలో వెతికిన అమ్మవారు చివరికి దొర వేషం కట్టింది. వచ్చింది దొరేననుకుని వాడు బయటికొచ్చాడు, తల తెగింది. తిరుపతి జాతర కథ ఇదే. ముందు వేషం మార్చింది అమ్మవారే అన్నమాట. మొక్కున్న మగవాళ్లు నేటికీ చీర కట్టి, సవరం పెట్టి, పూలు ముడుచుకుని ఆ గుడికి వెళ్తారు. మీసం మీసంలాగే ఉంటుంది, ఎవరూ వేలెత్తి చూపరు. సినిమావాళ్లు అక్కణ్నుంచి అరువు తెచ్చుకున్నారు, వడ్డీ బాక్సాఫీసు దగ్గర వసూలు చేసుకున్నారు.

పెద్దాయన అంత దూరం పోనక్కర్లేదు. జంషెడ్‌పూర్ నుంచి బస్సెక్కితే గంటా గంటన్నరలో సరాయికేలా. అక్కడి ఛౌ నాట్యంలో స్త్రీ పాత్రలు కూడా సంప్రదాయంగా మగవాళ్లవే. ముఖానికి మాస్కు ఉంటుంది కనుక చుట్టాలు గుర్తుపడతారన్న బెంగ లేదు. 2010లో యునెస్కో కూడా ఛౌకు ముద్ర వేసింది. బస్తీలో పక్కింటి భోజ్‌పురీ వాళ్లనడిగితే మగవాళ్లు ఆడవేషం కట్టి ఆడే లౌండా నాచ్ గురించి చెబుతారు. భిఖారీ ఠాకూర్ బృందంలో ఆడవేషం కట్టిన రామచంద్ర మాంఝీకి 2021లో పద్మశ్రీ వచ్చింది. మన స్థానం నరసింహారావుకు 1956లోనే వచ్చింది. తులాభారం నాటకంలో ఆయన సత్యభామగా అలిగితే జనం టికెట్టు కొని మరీ చూశారు. మరాఠీ రంగస్థలం మీద బాలగంధర్వ కట్టిన చీరలు, పెట్టుకున్న నగలు చూసి ఆడవాళ్లే ఆ ఫ్యాషన్ పట్టుకున్నారు. మగవాణ్ని చూసి ఆడవాళ్లు అలంకరణ నేర్చుకుంటే సంస్కృతి, ఆడవాళ్లను చూసి మగవాడు నేర్చుకుంటే కలికాలం!

ఇక మన కామెడీలు. ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేష్ ఆడవేషం ఎందుకు కట్టాడు? బ్రహ్మచారులకు ఇల్లు అద్దెకు దొరకడానికి. 1996లో కమల్‌హాసన్ ‘భామనే సత్యభామనే’లో ఎందుకు కట్టాడు? ఆయాగా చేరి కూతురికి దగ్గరవడానికి. తెర మీద చీర కడితే ఇల్లు దొరుకుతుంది, ఉద్యోగమూ దొరుకుతుంది. తెర బయట అదే చీర కట్టినవాళ్లను చూసి ఇంటి ఓనరు టూలెట్ బోర్డు లోపల పెట్టేస్తాడు. నిజంగా ట్రాన్స్ మహిళైనా, సరదాకి కట్టుకున్నవాడైనా ఆయనకు ఒకటే. ఆ తేడా ఆయనకు ఏ సినిమా చెప్పింది గనక?

సినిమాలూ షోలూ ప్రభావం చూపవని కాదు. జబర్దస్త్ స్కిట్లలో లేడీ గెటప్పులు వేసిన ప్రియాంక సింగ్ 2021లో ట్రాన్స్ మహిళగానే బిగ్‌బాస్ తెలుగు ఇంట్లోకి వెళ్లారు. చీర కట్టుకోవాలన్న కోరిక స్కిట్టు పుట్టించిందనడం కంటే, నలుగురి ముందు కట్టుకునే వీలిచ్చిందనడం సబబు. అసలు పాఠం నేర్చుకున్నది సోఫాలో కూర్చున్నవాళ్లు. ఆడవేషం కట్టినవాడు నడుం తిప్పగానే వెనకాల ఓ వెకిలి మ్యూజిక్కు, జడ్జీల పకపకలు. ఏళ్ల తరబడి ఇలా తర్ఫీదు పొందినవాళ్లకు వీధిలో మ్యూజిక్కు లేకపోయినా నవ్వు అదే టైముకి వచ్చేస్తుంది.

ఇంతలో ఏ హీరో చెప్పకుండానే ఒక పని జరిగింది. 2021 డిసెంబరులో టాటా స్టీల్ తన వెస్ట్ బొకారో గనుల్లో భారీ యంత్రాలు నడపడానికి ట్రాన్స్‌జెండర్లను ట్రైనీలుగా తీసుకుంది. ఆ కేబిన్లో ఈల ఉండదు, వన్స్‌మోర్ ఉండదు. హెల్మెట్టు ఉంటుంది, నెల తిరిగేసరికి జీతం ఉంటుంది.

ఈ సంగతి మనవరాలు చెబితే పెద్దాయన కాసేపు ఆలోచించాడు.

“అయితే కంపెనీ వోళ్లు కూడా సినిమాలు చూసేస్తన్నారేటే?” అన్నాడు.