ఎండాకాలంలోనే హీటర్ వేయండి

జనవరిలో అమెరికాలోని మన ఇళ్ళల్లో థర్మోస్టాట్ గురించి పెద్దగా పేచీ ఉండదు. బయట మంచు, లోపల హీటు, అంతే. గొడవంతా ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్లలో. న్యూజెర్సీ లాంటి చోట మే నెలలో మధ్యాహ్నం 80 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, తెల్లవారుజామున 50కి పడిపోతుంది. పొద్దున హీటు కావాలనిపిస్తుంది, సాయంత్రం ఏసీ కావాలనిపిస్తుంది. ఈ నెలల్లోనే గ్యాసు బిల్లూ కరెంటు బిల్లూ జోడుగా వస్తాయి. ఏం చెయ్యాలో పాట్‌లక్‌లో కలిసిన ప్రతివాళ్ళూ ఒక చిట్కా చెబుతారు. నేను చెప్పేవి చాలావరకు వాటికి ఎదురుగా ఉంటాయి. వినగానే తిక్క సలహాలనిపిస్తాయి. అయినా పాటించమనే నా మాట.

మే నెలలో సాయంత్రం చలేస్తే హీటర్ వేయకండి, దోసెలు పోయండి. పగలంతా ఎండ పడిన ఇల్లు ఒక్క రాత్రికే చల్లారిపోదు. దానికి తోడు స్టవ్ మీద పెనం, కుక్కర్, కావాలంటే ఓవెన్‌లో ఒక ట్రే కూరగాయలు పెడితే వంటింటి వేడే కింది అంతస్తుకు చాలావరకు సరిపోతుంది. వంట వేడితో సరిపెట్టుకోమన్నాను గానీ, ఇల్లు వెచ్చబడాలని ఖాళీ ఓవెన్ తలుపు తెరిచిపెట్టకండి. గ్యాస్ ఓవెన్ అయితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. పసిపిల్లలూ పెద్దవాళ్ళూ లేని ఇంట్లో ఏప్రిల్ చివరికల్లా థర్మోస్టాట్‌ను హీట్ మీంచి తీసి ఆఫ్‌లో పెట్టేయమంటాను. పడుకునేటప్పుడు ఇంకో దుప్పటి తీసుకోండి. జూలైలో లెక్క తారుమారు. అప్పుడు అవే దోసెలు ఏసీకి శత్రువులు. వేపుళ్ళూ దోసెలూ వెనక పేషియోలో పెట్టుకోండి, లేదా పొద్దున్నే ముగించండి.

‘ఆటో’ మీట జోలికి పోకండి. వేడెక్కితే ఏసీ, చల్లబడితే హీటు, అన్నీ అదే చూసుకుంటుందని అందరూ మెచ్చుకునే మీట అది. వసంతకాలంలో అది చేసే పని చూడండి. సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీల ఎండకు లోపల 76 అవుతుంది, ఏసీ మొదలవుతుంది. డబ్బు పెట్టి ఇంటిని చల్లబరుస్తాం. తెల్లవారుజామున నాలుగింటికి అదే ఇల్లు 68కి దిగుతుంది, కింద ఫర్నేస్ అంటుకుంటుంది. డబ్బు పెట్టి మళ్ళీ వెచ్చబరుస్తాం. నిన్న సాయంత్రం బయటికి తోసేసిన వేడే ఈ తెల్లవారుజామున కావలసి వచ్చింది. ఈ నెలల్లో ఆ రోజుకు హీటా, కూలా, ఆఫా అన్నది మనిషే తేల్చుకోవాలి. తప్పదు, ఆటోలోనే ఉంచాలంటారా, రెండు అంకెల మధ్య బాగా ఎడం పెట్టండి. హీటు కింద 66, కూలింగ్ 76 పెడితే రెండూ కొట్టుకోవు.

ఇల్లు త్వరగా చల్లబడాలంటే అంకెను తగ్గించకండి. మన ఇళ్ళల్లో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇదే. దీని మూలం మన ఊళ్ళలో ఉంది. ఫ్యాన్ రెగ్యులేటర్ అయిదులో పెడితే జోరుగా తిరుగుతుంది, రెండులో పెడితే మెల్లగా తిరుగుతుంది. ఆ అలవాటు చేతికే ఉంటుంది. బయటి నుంచి చెమటతో వచ్చి థర్మోస్టాట్‌ను 62కి దించేస్తాం. థర్మోస్టాట్ రెగ్యులేటర్ కాదు, కబురు మోసేది. గది ఎంత వేడిగా ఉందో చూసి మిషన్‌కు ‘మొదలెట్టు’, ‘ఆపు’ అన్న రెండు మాటలే చెబుతుంది. అది పుట్టిందే అందుకు. విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు 1883లో గది థర్మోస్టాట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అంతకు ముందు క్లాసు జరుగుతుండగానే జానిటర్ గదిలోకి వచ్చి థర్మామీటర్ చూసి, కిందికి వెళ్ళి వేడి తగ్గించడమో పెంచడమో చేసేవాడు. ఆ రాకపోకలు తప్పించడానికే ఆయన ఆ పరికరం చేశాడు. జానిటర్‌ను ఎంత గట్టిగా కేకేస్తే మాత్రం పొయ్యి ఎంత మండుతుందో అంతే మండుతుంది కదా. మామూలు సెంట్రల్ ఏసీ 62 పెట్టినా 75 పెట్టినా వెంట్‌లోంచి ఒకే చల్లదనం గాలి వదులుతుంది. లోపలికి లాగిన గాలి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు చల్లగా, అంతే. 62 పెట్టినందువల్ల 75 దగ్గర ఆగాల్సిన మిషన్ రాత్రి దాకా ఆగకుండా నడుస్తుంది. అర్ధరాత్రి వణుకుతూ లేచి, ఈసారి 80కి పెంచుతాం. రెండు దశల మిషన్లూ వేరియబుల్ స్పీడ్‌వీ కొంత భిన్నంగా నడుస్తాయి, నిజమే. వాటికి కూడా ఒక గరిష్ఠం ఉంటుంది, అంకె దించితే అది పెరగదు.

హీట్ పంప్ ఉన్న ఇళ్ళల్లో దీనికి జంటగా ఇంకో తప్పు జరుగుతుంది. జార్జియా, నార్త్ కరోలినా, టెక్సస్ వైపు ఇవి ఎక్కువ. మార్చిలో చలి పొద్దున 62 నుంచి ఒక్కసారి 72కి పెంచితే చాలా థర్మోస్టాట్లు ‘ఆక్స్ హీట్’ను పిలుస్తాయి. అంటే లోపలున్న కరెంటు కాయిళ్ళు. అదే వేడికి అవి హీట్ పంప్ కంటే రెండు మూడు రెట్లు కరెంటు తాగుతాయి. ఒక్కో డిగ్రీ పెంచుకుంటూ పోండి. డబ్బా మీద ‘ఆక్స్’ అన్న అక్షరాలు కనిపిస్తే తొందరపడ్డారని అర్థం.

ఇప్పుడు అసలు సలహా. ఎండాకాలంలో మీ ఇల్లు ఇంకాస్త వేడిగా ఉంచండి. 72 కాదు, 78. రెంటచింతల, రామగుండం ఎండల్లో పెరిగినవాళ్ళం, అమెరికా రాగానే 70కి ఒక్క డిగ్రీ పెరిగినా ఉక్కపోత అంటాం. ఇండియాలో 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలన్నీ మొదట 24 సెల్సియస్‌లో ఆన్ అవ్వాలని నిబంధన ఉంది. అంటే 75 ఫారన్‌హీట్. హైదరాబాద్‌లో ఏసీ 24, 25లో పెట్టుకుని హాయిగా పడుకున్న మనుషులకు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో 69 ఎందుకు కావలసి వస్తుందో నాకు ఏనాటికీ అర్థం కాదు.

ఈ 69 శిక్ష పడేది ఎవరికో చూడండి. మే నెలలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకో, అత్తమామలకో. జూలైలో బయట 95. మేడ మీద చిన్న గదిలో అత్తగారు స్వెట్టర్, సాక్సులు వేసుకుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని కూర్చుంటారు. పిల్లల్ని అడగడానికి మొహమాటం. చూడలేక కోడలు ఒక స్పేస్ హీటర్ కొనుక్కొచ్చి ఆ గదిలో పెడుతుంది. 1500 వాట్ల హీటర్ ఒక గదిలో, దాన్ని చల్లార్చడానికి ఏసీ ఇల్లంతా. మేడ మీద ఇంకో థర్మోస్టాట్ ఉంటే అది ఆ గది వేడికి మోసపోయి మరింత నడుస్తుంది, పక్క గదులు ఇంకా చల్లబడతాయి. ప్రేమతోనే చేసిన పని అది, కాదనను. కానీ చెయ్యాల్సింది మొత్తం ఇంటిని 77, 78కి పెంచి, వేడి ఓర్చుకోలేనివాళ్ళు ఫ్యాన్ వేసుకోవడం. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే నాలుగు డిగ్రీలు పెంచినా ఒంటికి తేడా తెలియదు. ఫ్యాన్ చల్లబరిచేది మనిషిని, గదిని కాదు. కాబట్టి గదిలోంచి వచ్చేటప్పుడు ఆపేయండి.

ఇక్కడే ఇంకో మాట, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పెద్దవాళ్ళు "నాకు ఏసీ వద్దు నాయనా, ఆపేసెయ్" అంటే వినకండి. వయసు మీదపడ్డాక ఒంటికి వేడి తెలియడం తగ్గుతుంది, చెమట తగ్గుతుంది, దాహం తెలియదు. బీపీ మాత్రలు కొన్ని దీన్ని ఇంకా పెంచుతాయి. వడగాడ్పుల రోజుల్లో మేడ మీద గది తలుపు వేసుకుని ఏసీ వెంట్‌కు అట్ట అడ్డం పెట్టుకుని పడుకునే పెద్దవాళ్ళు ఉంటారు. ఆ గదిలో ఒక చిన్న థర్మామీటర్ పెట్టి మీరే చూడండి. 80 దాటుతుంటే వాళ్ళ మాట కాదు, ఆ అంకె మాట వినండి.

ఖాళీ గదుల వెంట్లు మూయకండి. లైటు ఆపినట్టు గాలి కూడా ఆపేస్తే ఆదా అనుకుంటాం. బ్లోయర్ తోసే గాలి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. నాలుగు వెంట్లు మూస్తే డక్ట్‌లో ఒత్తిడి పెరిగి, అతుకుల్లోంచి అటిక్‌లోకీ బేస్‌మెంట్‌లోకీ కారుతుంది. ఏసీ చల్లటి కాయిల్ మీదుగా పోయే గాలి బాగా తగ్గితే దాని మీద మంచు కట్టి, మొత్తానికే గాలి రాదు. అలా జరిగితే కూలింగ్ ఆపి ఫ్యాన్ ఒక్కటీ నడపండి, మంచు కరిగాక ఫిల్టర్ మార్చండి. మళ్ళీ కడితే మెకానిక్‌ను పిలవండి. మేడ మీద ఉడికిపోతోంది, కింద వణుకుతోంది అంటారా, దాన్ని సర్దే చోటు వేరే ఉంది. బేస్‌మెంట్‌లో ఫర్నేస్ పక్కన కొమ్మలుగా చీలే డక్టుల మీద, రెక్కల నట్టుతో బిగించిన చిన్న పిడి ఉంటుంది. అది డక్ట్ పొడవునా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. చాలా ఇళ్ళల్లో ఎవరో మార్కర్‌తో ‘సమ్మర్’, ‘వింటర్’ అని గీతలు గీసి ఉంటారు, ఇల్లు కొన్నాక కొత్తవాళ్ళు ఒక్కసారీ చూడరు. మే నెలలో మేడకు వెళ్ళేది పూర్తిగా తెరిచి, కిందిది సగం మూయండి. అక్కడే ఫర్నేస్‌కు తగిలించిన హ్యూమిడిఫయర్ ఉంటే దాని నీళ్ళు కట్టేసి, పక్క గొట్టంలోని డాంపర్‌ను సమ్మర్ వైపు తిప్పండి. తేమ తీసేయడానికి ఏసీ కష్టపడుతుంటే పక్కనే తేమ కలిపే మిషన్ ఎందుకు?

ఫ్యాన్ మీట ‘ఆన్’లో వద్దు, ‘ఆటో’లో ఉంచండి. పైన తిట్టిన ఆటో వేరు, ఈ ఆటో వేరు. గాలి ఎప్పుడూ తిరుగుతుంటే మంచిదంటారు. హ్యూస్టన్, టంపా లాంటి ఉక్క ఊళ్ళల్లో కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాన్ తిరిగితే, ఏసీ కాయిల్ మీద పట్టిన నీరు ఆవిరై తిరిగి ఇంట్లోకే వస్తుంది. అంకె 74 చూపిస్తున్నా ఒళ్ళు జిడ్డుగా ఉంటుంది. ఆ ఊళ్ళల్లోనే పొద్దున్నే కిటికీలు బార్లా తెరిచే మన అలవాటు కూడా మానుకోవాలి. న్యూజెర్సీలో పొడి గాలి వీచే మే రాత్రి తెరవండి, శుభ్రంగా తెరవండి. హ్యూస్టన్‌లో జూన్ తెల్లవారుజామున తెరిస్తే చల్లదనం కాదు, తేమ వస్తుంది. పరుపులూ బియ్యం డబ్బాలూ ఆ తేమ పట్టేస్తాయి, ఏసీ మధ్యాహ్నం దాకా దాన్ని తోడుతూనే ఉంటుంది.

థర్మోస్టాట్ కింద దేవుణ్ణి పెట్టకండి. హాల్లో ఖాళీ గోడ దొరికిందని చిన్న మందిరం అక్కడే పెట్టేస్తాం. రెండు వత్తుల దీపం వేడి నేరుగా డబ్బాకు తగిలి, ఇల్లంతా 73 ఉన్నా అక్కడ 79 చూపిస్తుంది. శుక్రవారం పూజ అయ్యేదాకా ఏసీ ఆగదు. టీవీ, టేబుల్ లాంప్, రౌటర్ కూడా దాని కింద వద్దు.

సెలవులకు ఇండియా వెళ్తూ ఏసీ కట్టేసి పోకండి. ఉక్క రాష్ట్రాల్లో అయితే మరీ. ఆరు వారాలు మూసిన ఇంట్లో తేమ చేరి అల్మరాల్లో బూజు పడుతుంది, పట్టుచీరల మీద మచ్చలు పడతాయి. 82 దగ్గర కూల్‌లో వదిలి, నీళ్ళ మెయిన్ వాల్వ్ కట్టేసి వెళ్ళండి. ఒక్క జాగ్రత్త. పాత ఇళ్ళల్లో కొన్నిటికి గదులకు వేడిచ్చే బాయిలరే స్నానాల నీళ్ళూ కాస్తుంది. నీళ్ళ మీద నడిచే అలాంటి బాయిలర్‌కు నీళ్ళు కట్టేసే ముందు మెకానిక్‌ను అడగండి. అలాంటి ఇంట్లో ఎండాకాలం వచ్చిందని బాయిలర్ స్విచ్ తీసేసి, వేడినీళ్ళు రావడం లేదని గాబరా పడేవాళ్ళూ ఉన్నారు. గదుల థర్మోస్టాట్ ఆపండి, బాయిలర్‌ను కాదు.

చివరిది, శీర్షికలో చెప్పినది. సెప్టెంబర్‌లో ఎండగా ఉన్న ఒక శనివారం, కిటికీలు తెరిచి, కొత్త ఫిల్టర్ వేసి, థర్మోస్టాట్‌ను హీట్‌కు తిప్పి పదిహేను నిమిషాలు నడపండి. మొదట కాస్త దుమ్ము కాలిన వాసన వస్తుంది, పోతుంది. పోకపోతే, మంట అంటుకోకపోతే, కార్బన్ మోనాక్సైడ్ అలారం కూస్తే, మెకానిక్‌ను పిలవడానికి మీకు ఇంకా తీరిక ఉంది. అలారం కూస్తే మాత్రం ముందు అందరూ బయటికి వచ్చి 911కు ఫోన్ చేయండి. మొదటి చలి రాత్రి ఊరంతా ఒకేసారి మెకానిక్‌ల కోసం ఫోన్లు చేస్తుంది, మీ వంతు వచ్చేసరికి రోజులు పడుతుంది. కాబట్టి ఈ సెప్టెంబర్‌లోనే వేసి చూడండి. ఆ రోజే అలారం బ్యాటరీ కూడా మార్చండి.