పులిమేక పునరావృత్తి సూత్రం: టీకాతాత్పర్యాలు

మూలం: వచ్చిన తీరే మల్ల వస్తే ఆట సాగది, తెచ్చినోడే వేరేది జరపాలె.

అవతారిక: కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లోని పెద్ద కొడప్‌గల్‌లో అరుగు మీద సుద్దముక్కతో గీసి ఆడుకోదగిన పులిమేక ఆటకు ఉద్దేశించిన ఈ సూత్రం ఏ ప్రాచీన గ్రంథంలోనూ లేదు, మూలం లేనిదే వ్యాఖ్యాతకు పని ఉండదు గనుక కూర్చడమైనది. గీతలు కలిసే 23 చోట్ల 3 పులులూ 15 మేకలూ ఆడే ఈ ఆటలో పులి మేక మీదుగా దూకి చంపుతుంది, మేకలు పులులను కదలకుండా కట్టేస్తాయి.

టీక: వచ్చిన తీరే = ఏ చోట ఏ కాయ ఉన్నదో ఆ అమరికే. ఎవరి వంతు అన్నదీ ఇందులో చేరుతుందా అని శంక. 361 చోట్ల నల్లరాళ్లు, తెల్లరాళ్లు పెడుతూ స్థలాన్ని ఆక్రమించే తూర్పు ఆసియా ఆటయైన గోలో నియమకర్తలు ఇక్కడే చీలారు: అమరిక ఒక్కటే చాలునని ట్రాంప్–టేలర్ నియమాలు, వంతు కూడా కలవాలని న్యూజిలాండ్, అమెరికా సంఘాల నియమాలు. ఈ భేదం పులిమేకకూ పనికివస్తుంది. పై కొనలోని పులి కింది అడ్డగీత మీది పక్కపక్క రెండు చోట్లు తిరిగి మూడో ఎత్తుకు కొనకు చేరేలోగా మేక ఒక అడుగు వేసి వెనక్కి వస్తే, అమరిక పాతదే, వంతు మాత్రం మేకది. మొదటి పక్షంలో పులి మూడో ఎత్తు నిషిద్ధం, రెండో పక్షంలో నిర్దోషం.

విశేషం: గోలో పెట్టిన రాయి కదలదు, చిక్కితేనే లేస్తుంది, కాబట్టి పాత అమరిక తిరిగి రావాలంటే రాళ్లు పట్టుబడక తప్పదు. ఒక్క రాయిని పట్టిన రాయి తానూ వెంటనే చిక్కే స్థితిని ‘కో’ అంటారు. దానిని తక్షణం తిరిగి పట్టరాదు గనుక, నష్టపోయినవాడు మరోచోట బెదిరింపు ఎత్తు వేసి, ఎదుటివాడు దానికి జవాబిచ్చాక తిరిగి పడతాడు. ఆ రెండు కొత్త రాళ్లతో అమరిక మారిపోతుంది. పులిమేకలో మేకలన్నీ పటం మీదికి దిగాక కొత్త కాయ రాదు, మేక చావు తప్ప ప్రతి ఎత్తునూ వెనక్కి తీసుకోవచ్చు. కనుక గోలోని ఉపాయం ఇక్కడ చెల్లదు.

తాత్పర్యం: పులి ఒక అడుగు వేసి మేకను బెదిరిస్తుంది, మేక తప్పుకుంటుంది, పులి వెనక్కి వెళ్లి మళ్లీ బెదిరిస్తుంది, మేక పాత చోటికి వస్తుంది. పాత అమరికను తెచ్చినది మేకే! మొదలుపెట్టినవాడిని విడిచి, ప్రాణం కాపాడుకున్నవాడిని పట్టుకోవడం సూత్రకారుని దోషమని చెప్పక తప్పదు.

పాఠాంతరం: ‘తెచ్చినోడే’ అనుచోట ‘తరిమినోడే’ అని చదవడం సమంజసం, రాజుకు అదేపనిగా చెక్ చెప్పేవాడే ఎత్తు మార్చుకోవాలనే చైనా చదరంగ నియమం దీనికి తోడు. ఎవరూ ఎవరినీ తరమని చోట ఈ పాఠం మౌనం వహిస్తుంది. అక్కడ, మూడు కోలు ఒకేసారి తిరిగే ఆటను ఇద్దరి సమ్మతితో ఫలితం లేనిదిగా విడిచిపెట్టే జపాన్ గో నియమాలను అనుసరించి, కాయలు ఏరుకుని ఆట మళ్లీ మొదలుపెట్టవలెను.