లండన్ చోరయాత్ర: వెళ్ళేవారికి కొన్ని సలహాలు

లండన్ వెళ్ళిన మనవాళ్ళు చేసే మొదటి పొరపాటు లండన్ చూడటం. శనివారం రాగానే పిల్లలు అమ్మానాన్నల్ని బిగ్ బెన్ ముందొకసారి, లండన్ బ్రిడ్జి అనుకుని టవర్ బ్రిడ్జి ముందొకసారి నిలబెట్టి ఫొటోలు తీస్తారు. ఆ ఫొటోలు ఇప్పటికే అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. ఒక ఊరి కలిమి ఎంతటిదో తెలియాలంటే ఆ ఊళ్ళో కన్నాలు ఎక్కడెక్కడ పడ్డాయో చూడాలి. అందుచేత సోమవారం పిల్లలు ఆఫీసులకు వెళ్ళగానే, మీ వియ్యంకుడిని వెంటబెట్టుకుని బయల్దేరండి (వియ్యంకుడే ఎందుకో టవర్ దగ్గర చెబుతాను). బేకర్ స్ట్రీట్ నుంచి టవర్ ఆఫ్ లండన్ దాకా నడక సుమారు అయిదు మైళ్ళు. మోకాళ్ళ నొప్పులని వెనకాడకండి. ఈ దారిలో మీకన్నా పెద్దవాళ్ళు లాకర్లు పగలగొట్టారు.

బేకర్ స్ట్రీట్‌లో అందరూ షెర్లాక్ హోమ్స్ మ్యూజియం ముందు వరసలో నిలబడతారు. మీరు నిలబడకండి. అదే వీధిలో 185వ నంబరు దగ్గర ఆగండి. అక్కడి లాయిడ్స్ బ్యాంకుకు 1971 సెప్టెంబరులో కన్నం పడింది. దొంగలు రెండు గుమ్మాల అవతల తోలు సామాన్ల కొట్టొకటి తీసుకుని, నడుమనున్న కోడిమాంసం హోటల్ కిందుగా సొరంగం తవ్వి లాకర్ల గదిలో తేలారు. పక్క కొట్టులోంచి బ్యాంకులోకి సొరంగం తవ్వడం 1891లో అచ్చయిన హోమ్స్ కథలోనే ఉంది. కనుక మనవడు పరీక్షల ముందు డిటెక్టివ్ నవలలు చదువుతుంటే కేకలేయకండి, అది వృత్తివిద్య. దొంగలు మేడ మీద నిలబెట్టిన తమ కాపలావాడితో వాకీటాకీలో మాట్లాడుతుంటే, రేడియో పిచ్చి ఉన్న ఒకాయన ఇంట్లో కూర్చుని అంతా విని పోలీసులకు చెప్పాడు. పోలీసులు చుట్టుపక్కల బ్యాంకులన్నీ తిరుగుతూ ఈ బ్యాంకుకూ వచ్చారు. స్ట్రాంగ్‌రూమ్ తలుపు వేసే ఉంది, తాళం చెక్కుచెదరలేదు. బాగానే ఉందని వెళ్ళిపోయారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు గానీ, ఇక్కడ వేళకే మొరిగి, తలుపు వాసన చూసి మరీ వెళ్ళాయి. ఇంత చేసినవాళ్ళు ఎలా దొరికారంటారా? కొట్టు లీజు కాగితాల మీద ఒకడు సొంత పేరే రాశాడు. దొంగతనం వేరు, అద్దె మర్యాద వేరు. మీరూ ఆ మర్యాద పాటించండి.

న్యూ బాండ్ స్ట్రీట్‌లో ఎక్కువసేపు ఉండకండి, ధరలు చూస్తే గుండెకు మంచిది కాదు. 2009 ఆగస్టులో ఇద్దరు సూట్లు వేసుకుని గ్రాఫ్ నగల దుకాణంలోకి వెళ్ళి, 4 కోట్ల పౌండ్ల నగలు పట్టుకుపోయారు. అంతకుముందు ఒక మేకప్ నిపుణురాలి దగ్గర గంటల తరబడి కూర్చుని మొహాలు మార్పించుకున్నారు, పాట వీడియో కోసమని చెప్పి. మొహం దాచుకున్నారు గానీ ఫోను కారులో పారేసుకున్నారు. ఇక్కడి పాఠం: మేకప్‌కు ఎంతైనా ఖర్చు పెట్టండి, ఫోన్ సంగతి పట్టించుకోకండి.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీ. 1961లో గోయా వేసిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ చిత్రాన్ని దేశం 1,40,000 పౌండ్లకు దక్కించుకుని ఇక్కడ వేలాడదీసింది. మూడు వారాలు తిరక్కుండానే మాయమైంది. న్యూకాజిల్‌కు చెందిన కెంప్టన్ బంటన్ అనే పెద్దాయన నాలుగేళ్ళ తర్వాత లొంగిపోయి, తానే తీశానన్నాడు. ముసలివాళ్ళకు టీవీ లైసెన్సు రుసుము కట్టడానికి డబ్బు ఇప్పించమన్నది ఆయన కోరిక. అసలు తీసింది ఆయన కొడుకని 2012లో బయటపెట్టిన పాత కాగితాల్లో తేలింది. ఆయన లొంగిపోకముందే చిత్రాన్ని బర్మింగ్‌హామ్ స్టేషన్ సామాన్ల గదిలో వదిలి, చీటీ పంపించారు. కోర్టులో ఆయన లాయరు వాదన, పక్కింటి నిచ్చెన అడక్కుండా తెచ్చుకున్నవాడి వాదనే: తిరిగి ఇచ్చే ఉద్దేశంతోనే తీసుకున్నాడు కనుక దొంగతనం కాదు. జ్యూరీ ఒప్పుకుంది! అయితే చట్రం మాత్రం తిరిగి రాలేదు. కాబట్టి చట్రం దొంగతనానికి మూడు నెలల జైలు. ఏదైనా తీస్తే చట్రంతో సహా తిరిగి ఇవ్వండి అని చెప్పేవాణ్ణే గానీ, 1968లో చట్టం మార్చేశారు. ప్రదర్శనలోది బయటికి తీసుకెళ్ళడమే ఇప్పుడు నేరం. మంచి సలహాలన్నీ ఇలాగే పాతబడిపోతాయి.

హాటన్ గార్డెన్‌లో మాత్రం తీరిగ్గా కూర్చోండి. పెన్షనర్లు చూసి తీరవలసిన క్షేత్రమిది. 2015 ఈస్టర్ సెలవుల్లో ఇక్కడి నేలమాళిగ లాకర్ల మీద పడ్డ ముఠాలో పెద్దాయన వయసు 76. కన్నానికి వచ్చింది సిటీ బస్సులో, వృద్ధుల ఉచిత పాసు మీద. ఇంకొకాయన మధుమేహానికి ఇన్సులిన్ వెంట తెచ్చుకున్నాడు. లిఫ్టు గోతిలోంచి దిగి, అర మీటరు మందం కాంక్రీటు గోడకు మూడు రంధ్రాలు పక్కపక్కన వేశారు. మృచ్ఛకటికం నాటకంలో దొంగ శర్విలకుడు కన్నం పద్మంలా వేయాలా, నెలవంకలా వేయాలా అని తర్కించుకుని, జంధ్యంతో కొలుస్తాడు. ఇక్కడ ఆ రసికత లేదు. కన్నం మనిషి దూరేంత ఉంటే చాలనుకున్నారు.

అలారం మోగింది. కాపలావాడు వచ్చి బయట నుంచి చూసి వెళ్ళిపోయాడు. పోలీసులైతే రానే లేదు. ఇంతలో అవతలి లాకర్ల బీరువాను తోసే యంత్రం విరిగింది. పెద్దాయన, ఇక నావల్ల కాదని ఇంటికెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు బజారుకు వెళ్ళి కొత్త యంత్రం కొనుక్కుని ఒక రాత్రి ఆగి మళ్ళీ వచ్చి, 73 లాకర్లు తెరిచారు. సొత్తు దాదాపు 1.4 కోట్ల పౌండ్లు.

దొరికింది కూడా పెద్దరికం వల్లే. ఒకాయన సొంత మెర్సిడెస్‌లోనే వచ్చాడు, వీధి కెమెరాలు నంబరు చదివేశాయి. పోలీసులు కార్లలో మైకులు దాచి వింటూ కూర్చుంటే, వీళ్ళు మనంతటివాళ్ళు లేరని గొప్పలు చెప్పుకుంటూ తిరిగారు. ఒకాయన ఇంట్లో నేరపరిశోధన శాస్త్రం మీద మొద్దబ్బాయిలకు రాసిన పుస్తకం దొరికింది. ఆయనే కొన్ని నగలు శ్మశానంలో సమాధి కింద దాచాడు కూడా. ఎక్కువమందికి ఏడేళ్ళు పడింది. మీ ఘనకార్యాల గురించి కారులో గట్టిగా మాట్లాడండి. వినేవాళ్ళు ఉన్నారు.

ఇక టవర్. 1671లో థామస్ బ్లడ్ అనేవాడు పాదిరీ వేషంలో వచ్చి, రాజకిరీటాల కాపలాదారైన 77 ఏళ్ళ ఎడ్వర్డ్స్‌తో స్నేహం చేశాడు. స్నేహం ముదిరాక, మా మేనల్లుడికి మీ అమ్మాయినివ్వండి అని సంబంధం కలిపాడు! పెళ్ళిమాటలకని వచ్చినరోజే ముసలాయనను సుత్తితో కొట్టి, కిరీటాన్ని అదే సుత్తితో అణగ్గొట్టి సంచిలో వేసుకున్నాడు. ముఠాలో ఒకడు రాజగోళాన్ని లాగులో దోపుకున్నాడు. ఎడ్వర్డ్స్ కొడుకు చెప్పాపెట్టకుండా ఇంటికి రావడంతో పట్టుబడ్డారు. రెండో చార్లెస్ రాజు శిక్షిస్తాడనుకుంటే, క్షమించి, ఏటా 500 పౌండ్లు వచ్చే భూములిచ్చాడు. వియ్యంకుడిని ఎందుకు తెమ్మన్నానో ఇప్పుడు తెలిసిందిగా. ఆయన్ని ఒక కంట కనిపెట్టి ఉండండి.

లోపల నగల గదిలో కదిలే పట్టీ మీద నిలబెట్టి నెమ్మదిగా లాక్కెళతారు. అక్కడ ఒక కిరీటంలో కోహినూరు కనిపిస్తుంది. దాన్ని చూసి దొంగతనం అన్న మాట అనకండి, అదొక్కటే ఈ యాత్రలో కాగితాలున్న సరుకు. 1849 లాహోర్ ఒప్పందం మీద పదేళ్ళ పిల్లవాడు దులీప్ సింగ్ సంతకం ఉంది. సొరంగం లేదు, మేకప్ లేదు, బస్సు పాసు లేదు. మూడేళ్ళకు 191 క్యారెట్ల రాయిని అరగదీసి 105.6 చేశారు. దానికీ ఎవరూ జైలుకు పోలేదు.

అది దొరికిందని మనం చెప్పుకునే కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళలో మునిగింది. రాయిని చూడాలంటే టవర్ టికెట్టు కొనాల్సిందే. ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, పిల్లల కార్డు మీద.